గండాల బాట

ఆంగ్లంలో "అబ్‌స్టకిల్ కోర్సు" అనే దానిని తెలుగులో ఏమనాలి? మా మిత్రబృందంలో ఒక సాయంత్రమంతా ఈ చర్చతోనే గడిచిపోయింది. "అవరోధ పథం" అన్నాడొకడు. ప్రభుత్వ కార్యాలయపు గోడమీది రాతలా ఉందని మిగిలినవాళ్ళం కొట్టిపారేశాం. "అడ్డంకుల దారి" బాగానే ఉంది గానీ, ఆ మాట వినగానే తవ్వి వదిలేసిన తన వీధి కళ్ళకు కడుతోందని మరొకడు అభ్యంతరం చెప్పాడు. చివరికి నాకు తోచిన మాట "గండాల బాట". సరదా ఆటకు ఇంత అమంగళమైన పేరెందుకని మా లెక్కల మాస్టారు గొణిగాడు. అయితే మన జానపద కథల్లో గండమంటే ఆపద ఒక్కటే కాదు, దాటి తీరవలసినది కూడా. మాంత్రికుడి ప్రాణమున్న చిలుకకోసం బయలుదేరిన రాకుమారుడికి దారిలో ఎదురయ్యేవన్నీ గండాలే. "గండం గడిచింది" అన్న పలుకుబడిలోనే ఆ దాటడం ఇమిడి ఉంది. కనుక ఈ టపా వరకైనా నా మాటే చెల్లుతుంది. ఇంతకంటె మంచిమాట తోచినవారు చెబితే సంతోషిస్తాను.

పేరు సంగతి అలా ఉంచి అసలు విషయానికి వస్తాను. మేము తొమ్మిదిమందిమి. కళాశాలలో కలిసి చదువుకున్నవాళ్ళం. ఏడాదికొకసారి సంక్రాంతికి ఎవరో ఒకరి ఊళ్ళో కలుస్తాం. నలభై అయిదు దాటాక ఈ కలయికలు ఎలా మారిపోతాయో మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కుర్చీల్లో కూలబడతారు. అరగంటసేపు పిల్లల చదువులు, మరో అరగంట స్థలాల ధరలు, ఆ తరువాత చక్కెర, రక్తపోటు, మోకాళ్ళు. ఎవరి వైద్యపరీక్షల కాగితాలు వారు కంఠతా అప్పజెప్పుతారు. మధ్యలో ఎవరో ఫోనులో ఒక వీడియో చూపిస్తారు, అందరూ దానిమీదికి వంగుతారు. సాయంత్రానికి ఎవరి కార్లు వారు ఎక్కుతారు. ఒకప్పుడు కళాశాల గోడ దూకి రెండో ఆట సినిమాకు పరుగెత్తిన మనుషులు వీరేనా అనిపించేది నాకు. ఆ గోడ ఎత్తు ఏడడుగులు. ఆ రోజుల్లో దానిని ఎవరూ వ్యాయామమని అనుకోలేదు.

2024 సంక్రాంతి మా ఊళ్ళో. నూజివీడు పరిసరాల్లో మాకొక చిన్న మామిడితోట ఉంది. ఈసారి కుర్చీలు వేయకూడదని నిశ్చయించుకున్నాను. మా అన్నయ్య పిల్లలు చిన్నప్పుడు పోగో చానెల్‌లో "తకేషీస్ క్యాజిల్" విడవకుండా చూసేవారు. 1980లలో జపానువాళ్ళు తీసిన కార్యక్రమమది. మనదేశంలో జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో వచ్చేది. బురదలో పడి లేచే ఆ మనుషులను చూసి పిల్లలు నవ్వుతుంటే నేను మాత్రం వాళ్ళ ముఖాలు చూసేవాణ్ణి. ఓడిపోయినవాడు కూడా నవ్వుతూ లేచేవాడు. మనం ఓడిపోతూ నవ్విన సందర్భం ఆఖరుసారి ఎప్పుడని ఆలోచించాను. జ్ఞాపకం రాలేదు.

ఈ ఆలోచన చెప్పగానే ఒక మిత్రుడు మరో ప్రతిపాదన చేశాడు. ఇవన్నీ సిద్ధంగా ఉండే విడిదులున్నాయి, తలకింత అని కడితే చాలు, మధ్యాహ్న భోజనంతో సహా వాళ్ళే చూసుకుంటారన్నాడు. నేను ఒప్పుకోలేదు. అలాంటి చోట్లకు రెండుసార్లు వెళ్ళాను. తాడు బాగుంటుంది, శిరస్త్రాణం ఇస్తారు, పట్టుకోవడానికి మనిషి ఉంటాడు. భద్రత విషయంలో నాకంటె వాళ్ళే నయమని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు, ఆ సంగతి ముందు వస్తుంది. కానీ ఆ గండాలు ఎవరికోసం కట్టినవి? రేపు వచ్చే అపరిచితుడి కోసం. మా వాళ్ళలో ఒకడికి ఎడమ మోకాలు వంగదని ఆ తాడుకు తెలియదు. మరొకడు చదువుకునే రోజుల్లో చెడుగుడులో కూత ఆపకుండా నలుగురిని తాకి వచ్చేవాడనీ తెలియదు. మార్కెట్టులో దొరికే శుభలేఖకూ చేత్తో రాసిన ఉత్తరానికీ ఉన్న తేడా ఇక్కడా ఉంది. ఉత్తరంలో అక్షరదోషాలు ఉండవచ్చు, కాని అది మన పేరున వచ్చింది.

తోటలోకి దిగాక తెలిసింది, మొదటి గండం నాకేనని. పుష్యమాసం, మామిడి పూత విచ్చుకుంటున్న రోజులు. ఆ ఏటి కాపు అప్పటికే గుత్తకు ఇచ్చేశాం. గుత్తదారు పెద్దాయన, నేను ఊహ తెలిసినప్పటినుంచీ బాబాయ్ అని పిలిచే మనిషి. తాళ్ళ చుట్టలు చూసి నవ్వుతూనే అన్నాడు: "ఆడుకోండి అబ్బాయిగారూ, ఎవరొద్దన్నారు? మామిడిచెట్టుకు మాత్రం తాడు తగిలించకండి. పూత రాలితే ఆ కాయ నాకెవరిస్తారు?" ఆయన మాటలో న్యాయముంది. మా నవ్వులకు ఆయన ఏడాది సంపాదన ఎందుకు ఫణంగా పెట్టాలి? అందుచేత తోటలో ఉన్న నూటపాతిక మామిడిచెట్లూ వదిలేసి, కంచెవారన ఉన్న రెండు చింతలు, ఒక వేప, బోదెగట్టున నాలుగు తాళ్ళు, ఇంతే మాకు మిగిలాయి. ఒక మునగ కూడా ఉంది. దానిమీదికి ఎవరినీ ఎక్కించకూడదని మన సామెతలే హెచ్చరిస్తున్నాయి. పొగిడి మునగచెట్టెక్కించడమన్న మాట పుట్టింది ఆ కొమ్మ పెళుసుదనంలోంచే. చింతకొమ్మ అలాకాదు, వంగుతుందే తప్ప తొందరగా విరగదు. మన ఊళ్ళలో అట్లతద్ది ఉయ్యాలలు చింతకు వేసినవాళ్ళు వృక్షశాస్త్రం చదువుకుని వేయలేదు.

సామగ్రి కోసం నేను దుకాణానికి వెళ్ళింది ఒక్క తాటికోసమే. మిగిలిందంతా ఊళ్ళోనే దొరికింది. పంక్చర్ల దుకాణంలో ఆరు పాత లారీ టైర్లు, చెరువు చేపలు పట్టేవారి దగ్గర చిరిగిన వల ఒకటి, బోదె దాటడానికి ఎప్పుడో వేసి పక్కన పడేసిన తాటిపట్టె, గోనెసంచులు, వరిగడ్డి. జనవరిలో మాచుట్టుపక్కల గడ్డికి కరవుండదు, కోతలు అయిపోయి వాములు వేసి ఉంటాయి. గడ్డి తెచ్చాక రెండు పనులు చేయాలి. ఒకటి, కర్రతో బాగా కొట్టి కదిపి పరచాలి. చలిరోజుల్లో వెచ్చగా ఉందని పాములు చేరేది అందులోకే. రెండు, పొద్దున మళ్ళీ కదిపి చూడాలి. టైర్ల సంగతి మా డాక్టరు మిత్రుడు చెప్పాడు. నిలవనీరు చేరిన పాత టైరంత ఇష్టమైన చోటు డెంగ్యూ దోమకు మరొకటి లేదట. ప్రతి టైరుకూ అడుగున రెండు బెజ్జాలు వేయించాం, ఆట అయ్యాక తిరిగి దుకాణానికి పంపేశాం. తాడు విషయంలో నేను నేర్చుకున్నది ఇది: పసుపుపచ్చని ప్లాస్టిక్కు తాడు చవక, కాని నెలల తరబడి ఎండలో వదిలేస్తే పెళుసుబారుతుంది. కొబ్బరితాడు అరచేతులు ఒలిచేస్తుంది. నైలాను తాడు గట్టిది, అయితే బరువుకు సాగుతుంది. ఈ సాగే గుణం ఉయ్యాలకు మేలు చేస్తుంది. మరొకచోట మా కొంప ముంచింది.

దారి మొత్తం నూటయాభై గజాలకు మించదు. ముందు టైర్లు, తరువాత వలకింద పాకడం, తాటిపట్టె మీదుగా బోదె దాటడం, చింతకు వేలాడే ముడులతాడు పట్టుకుని గడ్డిపరుపు మీదికి ఊగడం, రెండు తాళ్ళ వంతెన, చిట్టచివర వేపకొమ్మకు ఉట్టి. ఇవి ఎక్కడుండాలో నిర్ణయించడానికి పట్టిన సమయం కట్టడానికి పట్టలేదు. ఒక్కొక్క గండం దగ్గరా నిలబడి తొమ్మిదిమంది ముఖాలూ తలచుకున్నాను. వలను రెండడుగుల ఎత్తున కట్టాలనుకున్నాను. మాలో పొట్ట పెద్దదైనవాడిని తలచుకుని మరో జానెడు పెంచాను. మోకాలు వంగని మిత్రుడు పాకలేడు, టైర్లలో గెంతలేడు. కానీ అతడి భుజాలు ఇప్పటికీ ఇనుపకడ్డీలే. వాళ్ళ ఊళ్ళో మోటబావి దగ్గర పెరిగిన మనిషి. అందుకని ముడులతాడు అతడికోసమే కట్టాను, జాన్నర కొకటి చొప్పున ముడులు వేసి. మధుమేహంతో అరికాళ్ళు మొద్దుబారిన మిత్రుడొకడున్నాడు. చెప్పులు విప్పి తాటిపట్టె ఎక్కమంటే అతడికి కింద ఏమి గుచ్చుకుందో తెలియదు. కనుక ఆటంతా బూట్లతోనే అని నియమం పెట్టాను, అతడి పేరు ఎత్తకుండా. ఇరవై ఏడేళ్ళుగా వీళ్ళు నా స్నేహితులు. వీళ్ళ జీతాలు తెలుసు, పిల్లల మార్కులు తెలుసు. వీళ్ళ ఒంటిని ఇంత శ్రద్ధగా తలచుకున్నది ఆ రెండు రోజులే.

ప్రతి గండానికీ పక్కనుంచి ఒక కాలిబాట వదిలాను. ఎవరైనా, ఏ కారణమూ చెప్పకుండా, ఆ బాటన నడిచి తరువాతి గండం దగ్గరికి వెళ్ళవచ్చు. అలాగైతే ఆటలో పస ఏముందని ఇద్దరు వాదించారు. పక్కదారి లేని ఆటను నేను ఆట అనలేను. అది సైన్యం. నిజానికి ఈ బాటలన్నిటికీ పుట్టిల్లు సైన్యమే. జార్జ్ ఎబేర్ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో పరుగు, గెంతు, పాకుడు, ఎక్కుడు, మోత, ఈత వంటి సహజ కదలికలతోనే శరీరాన్ని తీర్చిదిద్దాలని ఒక పద్ధతిని ప్రచారం చేశాడు. ఫ్రెంచి సైనికుల అవరోధ శిక్షణకున్న పేరులోని "పార్కూర్" అన్న మాటే, నేడు కుర్రవాళ్ళు గోడలూ మేడలూ దూకే విద్యకు పేరయింది. సైనికుడికి పక్కదారి ఉండదు, ఉండకూడదు. ఆ క్రమశిక్షణను నేను గౌరవిస్తాను. పండక్కి వచ్చిన చుట్టానికి దానిని వడ్డించను.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ ధైర్యంతోనే ఆటను కనుమకు పెట్టాను. ఎవరూ ప్రయాణం పెట్టుకోరని. పొద్దున పదిగంటలకు మొదలైంది. గడియారం వద్దన్నాను. వినలేదు, ఒకడు ఫోనులో లెక్కపెట్టాడు. కానీ రెండో మనిషి వలకింద ఇరుక్కుని, బయటికి రాలేక, లోపలికి పోలేక, అక్కడే పడుకుని "ఒరేయ్, నన్నిక్కడే వదిలేయండిరా, హాయిగా ఉంది" అనేసరికి లెక్కపెట్టేవాడి చేతిలో ఫోను జారిపోయింది. ఆ తరువాత ఎవరూ కాలం సంగతి ఎత్తలేదు. మోకాలు వంగని మిత్రుడు టైర్ల పక్కనుంచి, వల పక్కనుంచి నింపాదిగా నడిచివచ్చి, ముడులతాడును రెండు చేతులతో అందుకుని, కాళ్ళు వాడకుండా పైకొమ్మ దాకా వెళ్ళాడు. కిందినుంచి ఎవరమూ మాట్లాడలేదు. పైన కూర్చుని కాసేపు కిందికి రాలేదతడు. ఏం చూస్తున్నావురా అంటే, ఎవరో చెరువులో గేదెలు కడుగుతున్నారు అన్నాడు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. తొమ్మిదిమంది ముఖాలు తలచుకున్నానన్నాను. వాళ్ళతో వచ్చిన ఆడవాళ్ళ ముఖాలు ఒక్కటీ తలచుకోలేదు. వాళ్ళు వంటింట్లో గారెలు వండుతున్నారు. కనుమనాడు మినుము తినాలి కదా, మేము ఆడుతూ ఉండాలి, వాళ్ళు వేయిస్తూ ఉండాలి. భోజనాలయ్యాక తోట చూడడానికని వచ్చిన వాళ్ళలో ఒకామె చీర కుచ్చెళ్ళు దోపుకుని తాటిపట్టె మీదుగా అటునుంచి ఇటు, ఇటునుంచి అటు రెండుసార్లు గబగబా నడిచేసింది. మావాళ్ళలో నలుగురు ఆ బోదెలో పడి ఉన్నారని గుర్తుంచుకోండి. "ఇదేనా అన్నయ్యగారూ మీ గండం?" అని అడిగింది. ఆమె పుట్టిల్లు లంకగ్రామమని, బడికి రోజూ అలాంటి పట్టె మీదనుంచే వెళ్ళేదని అప్పుడు తెలిసింది. ఉట్టి కొట్టింది కూడా ఆడవాళ్ళే. మేము కొట్టలేకపోయాం. ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కే వయసు దాటిపోయామన్నది పైకి చెప్పిన కారణం.

మధ్యాహ్నం మూడింటికి రెండో విడత. రెండు తాళ్ళ వంతెన మీద, పాదాలకు ఒక తాడు, చేతులకు ఒక తాడు, పొడవు ఇరవై అడుగులు, నేలకు రెండడుగుల ఎత్తు. ఒక కొస వేపకు కట్టాం. రెండో కొసకు చెట్టు లేదు. అక్కడున్నవన్నీ మామిడిచెట్లే, మాట ఇచ్చాను. అందుకని సరుగుడు గుంజలు పాతాం, మూరెడు లోతున. పొద్దున విడతలో నైలాను సాగి పాదాల తాడు నేలకు తగులుతోందని, లారీ క్లీనరుగా చేసివచ్చిన కుర్రవాడొకడు సరుకు మీద తాడు బిగించే పద్ధతిలో దానిని తీగలా లాగి బిగించాడు. నేనే బిగించమన్నాను. వీణతీగలా మోగుతోందని మీటి మరీ చూపించాను. మాలో ఆడిటరుగా ఉన్న మిత్రుడు సగం దాటాడు. గుంజ ఊడివచ్చింది. రెండడుగులే కదా అని అక్కడ గడ్డి పరచలేదు. పడేటప్పుడు ఎవరైనా చెయ్యి ఆనిస్తారు. కుడిచేతి మణికట్టు ఎముక విరిగింది. ఆరువారాలు సిమెంటు కట్టు.

ఆ రాత్రి నిద్రపట్టక కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఇంజనీరింగు మొదటి ఏడు పాఠమిది, నేను చదివి, మార్కులు తెచ్చుకుని, మరచిపోయిన పాఠం. అడ్డంగా కట్టిన తాటికి నట్టనడుమ బరువు వేలాడితే, తాడు ఎంత బిగుతుగా ఉంటే కొసలమీద లాగుడు అంత ఎక్కువ. ఎనభై కిలోల మనిషి నిలబడ్డప్పుడు తాడు అటూ ఇటూ 5 డిగ్రీలే వాలితే, ఒక్కొక్క కొసమీద పడే లాగుడు 460 కిలోల బరువుకు సమానం. 15 డిగ్రీలు వాలనిస్తే అది 155కు దిగుతుంది. 30 డిగ్రీలైతే సరిగ్గా మనిషి బరువంత. ఇరవై అడుగుల తాడు 15 డిగ్రీలు వాలాలంటే నడుమ రెండడుగుల ఎనిమిది అంగుళాలు కిందికి దిగాలి. అంటే కొసలను దాదాపు అయిదడుగుల ఎత్తున కట్టి, నడుమ కిందికి దిగనివ్వాలి. చూడడానికి అది వదులుగా, అసమర్థంగా కనిపిస్తుంది. తీగలా బిగిసిన తాడు భద్రంగా కనిపిస్తుంది. నా కళ్ళు నమ్మింది ఆ కనిపించేదానినే. పొద్దున సాగిన తాడుతో గుంజ నిలిచింది ఎందుకో, సాయంత్రం బిగించాక ఊడింది ఎందుకో ఆ మూడు అంకెల్లో ఉంది.

నాలుగురోజుల తరువాత ఆయన ఇల్లాలు ఫోను చేసింది. కోపంగా కాదు, నెమ్మదిగానే మాట్లాడింది. "అన్నయ్యగారూ, మార్చి దగ్గరికొస్తోంది. ఆయన కుడిచెయ్యి ఆడకపోతే ఆ ఆఫీసు నడవదు. మీకందరికీ సరదా. మాకు?" నా దగ్గర సమాధానం లేదు. క్షమించమన్నాను. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో శనివారాలు వెళ్ళి ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. అది ప్రాయశ్చిత్తమని అనను, ఇంకేం చేయాలో తోచక చేసిన పని.

కానీ ఆమె ప్రశ్న నన్ను వదల్లేదు. స్నేహితుల ముందు ప్రమాదం పెట్టడానికి నాకేమి హక్కుంది? ఈ ప్రశ్నకు ఇక ఎన్నడూ కట్టనని జవాబు చెప్పడం సులువు. మిత్రుల్లో ముగ్గురు ఆ పక్షమే. ఈ వయసులో ఇవన్నీ ఎందుకు, హాయిగా పేకాడుకుందామన్నారు. నేను ఒప్పుకోలేకపోయాను, ఎందుకో ఇప్పుడు చెప్పే ప్రయత్నం చేస్తాను.

1943లో, డెన్మార్కు జర్మనుల ఆక్రమణలో ఉండగా, కోపెన్‌హాగెన్ పక్కన ఎమ్‌డ్రుప్‌లో ఒక వింత ఆటస్థలం తెరిచారు. సోరెన్‌సెన్ అనే ఉద్యానశిల్పి ఆలోచన అది. తాను అందంగా తీర్చిన ఆటస్థలాలకంటె పిల్లలు పాత సామాన్ల గుట్టల్లోనే ఎక్కువ సంతోషంగా ఆడుతున్నారని ఆయన గమనించాడట. అందుకే ఉయ్యాలలూ జారుడుబల్లలూ అమర్చకుండా చెక్కలు, ఇటుకలు, పనిముట్లు ఇచ్చి పిల్లలనే కట్టుకోమన్నారు. యుద్ధానంతరం ఇంగ్లండులో లేడీ అలెన్ ఈ ఉద్యమాన్ని భుజాన వేసుకుంది. ఆ స్థలాలను నడిపినవారి అనుభవంలోంచి వచ్చిన ఒక విచక్షణ నాకు దారి చూపింది. పిల్లవాడు చూసి, తూచి, ఎక్కాలో వద్దో తేల్చుకోగల ప్రమాదం ఒకటి. పుచ్చిపోయిన చెక్క, పైకి పొడుచుకొచ్చిన మేకు వంటివి, ఆడేవాడికి కనిపించని ప్రమాదం మరొకటి. మొదటిది ఉండాలి, రెండోది ఉండకూడదు. మన భాషలో చెప్పాలంటే గండం వేరు, ఉచ్చు వేరు. తాటిపట్టె గండం. అది సన్నగా ఉందని, కింద బోదె ఉందని, పడితే తడుస్తామని ఎవరికైనా కనిపిస్తుంది. పడినవాళ్ళందరూ అది తెలిసే ఎక్కారు. ఊడిన గుంజ ఉచ్చు. అది ఊడుతుందో లేదో ఆడిటరుకు తెలిసే వీలే లేదు. ఆయన నన్ను నమ్మి తాడు ఎక్కాడు. ఆమె నన్ను అడగవలసిన అసలు ప్రశ్న ప్రమాదం ఎందుకు పెట్టావని కాదు, చూడవలసినది ఎందుకు చూడలేదని. ఆమె మర్యాదస్తురాలు కనుక అలా అడగలేదు.

ఈ తేడా ఒప్పుకుంటే, కుర్చీల్లో కూర్చోవడం కూడా నాకు ఉచ్చులాగే కనిపిస్తుంది. 2022లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. 51 నుంచి 75 ఏళ్ళ వయసువారు 1,702 మందిని ఒంటికాలిమీద పదిసెకన్లు నిలబడమంటే అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు, ఆ తరువాతి సంవత్సరాల్లో మరణాలు వారిలోనే ఎక్కువ కనిపించాయి. ఒంటికాలిమీద నిలబడితే ఆయుర్దాయం పెరుగుతుందని దీని అర్థం కాదు. నిలబడలేకపోవడం లోపలి మరేదో బలహీనతకు గుర్తు కావచ్చు. ఆ కనుమనాడు తాటిపట్టె దగ్గర మా తొమ్మిదిమందిలో ఇద్దరికి, తాము ఒంటికాలిమీద నిలవలేమన్న సంగతి మొట్టమొదటిసారి తెలిసింది. ఇరవై కలయికల్లో కుర్చీలు వాళ్ళకు ఆ మాట చెప్పలేదు.

ఇక ఈ బాటలు వ్యాపారమై, క్రీడయై పోతున్న తీరు గురించి నాకు పెద్ద ఉత్సాహం లేదు. ఇంగ్లండులో 1987 నుంచి ఒక వ్యవసాయక్షేత్రంలో నడిచిన "టఫ్ గై" పరుగులో చలికాలపు బురదనీళ్ళు ఉండేవి. 2010లో అమెరికాలో మొదలైన "టఫ్ మడ్డర్" అందులో విద్యుత్తు తీగలు కూడా చేర్చింది. అయితే అది గడియారాన్ని పక్కన పెట్టి ఒకరికొకరు చెయ్యందించుకోమన్నది, ఆ ఒక్క విషయం నాకు నచ్చింది. తీగలు నచ్చలేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో ఆధునిక పెంటాథ్లాన్‌లో గుర్రపుస్వారీ స్థానంలో అవరోధాల పరుగే రానుంది. మంచిదే, గుర్రాలకు విముక్తి. కానీ ఒకే కొలత, ఒకే దూరం, సెకనులో వందోవంతు తేడా. అక్కడ గండానికి మనిషి పేరు తెలియవలసిన పని లేదు. మన కోతికొమ్మచ్చి ఎన్నడూ ఆ దారిన పోలేదు. ఏ చెట్టు దొరికితే ఆ చెట్టు, ఎంతమంది ఉంటే అంతమంది, అందరికంటె చిన్నవాడిని "ఆటలో అరటిపండు" అని కలుపుకోవడం. ఈ అరటిపండు ఏర్పాటు ప్రపంచంలోని ఏ క్రీడాసంఘమూ కనిపెట్టలేకపోయిందని నా గట్టి నమ్మకం. నా పక్కదారులన్నీ దాని అనువాదాలే.

2025 సంక్రాంతికి మళ్ళీ మా తోటలోనే కట్టాం. ఈసారి నేనొక్కణ్ణీ కట్టలేదు. ఆడా మగా అందరూ ఒకరోజు ముందే వచ్చారు, గారెల పని అందరూ పంచుకున్నారు (మా లెక్కల మాస్టారు తట్టిన గారెలకు మధ్యలో బెజ్జం లేదు, అది వేరే కథ). ప్రతి తాటికీ మనిషి ఎక్కకముందు నాలుగు బియ్యం బస్తాలు వేలాడదీసి గంటసేపు వదిలాం. గుంజ అన్నది ఎక్కడా పాతలేదు, చెట్టు లేనిచోట తాడు లేదు. చెయ్యి పడే చోటల్లా గడ్డి. బాబాయి ఒకపూటంతా మా వెనకే తిరిగి పూత రాలకుండా కాపలా కాశాడు, సాయంత్రానికి తానే ముడులతాడు దగ్గరికి వచ్చి రెండు ముడులెక్కి దిగాడు. లంకగ్రామపు ఆడపడుచు తాటిపట్టె మీద నీళ్ళబిందెతో నడవాలని కొత్త నియమం పెట్టింది, మగవాళ్ళకు మాత్రమే. రెండు తాళ్ళ వంతెన కట్టలేదు. లెక్క తెలిసింది కదా, కట్టవచ్చుననే అన్నారు అందరూ. నా చెయ్యి రాలేదు.

ఆడిటరు మిత్రుడు వచ్చాడు. తాటిపట్టె మీద రెండుసార్లు నడిచాడు, ఒకసారి బోదెలో పడ్డాడు. చలి ఎక్కువగా ఉన్నప్పుడు మణికట్టు ఇంకా కలుక్కుమంటుందట. వంతెన ఏదిరా అని అడిగాడు. మాట మార్చాను.

ఆయన ఇల్లాలు రాలేదు. పిల్లవాడి పరీక్షలని చెప్పి పంపింది. ఒక స్టీలు డబ్బాలో అరిసెలు మాత్రం పంపింది, నువ్వులద్దినవి, మాకందరికీ సరిపోయేటన్ని. డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఖాళీగా తిరిగి పంపకూడదు కదా. అందులో ఏమి పెట్టి పంపాలో మా ఇంట్లో ఇంకా తేలలేదు.